ఇంట్లో బాణాలు చేసుకోవడానికి ఏ కర్ర మంచిది?

30 పౌన్ల చెక్క విల్లుకు (అంటే నారిని పూర్తిగా లాగడానికి 30 పౌన్ల బలం పట్టే విల్లుకు) టేకు పుల్లలు పనికొస్తాయా, వెదురే వాడాలా అని అడిగారు. నా మట్టుకు నేను వెదురే వాడతాను. అయితే చెట్టు పేరు కన్నా ముందు కర్రలో పీచు ఎలా నడిచిందో చూడండి. పీచు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిన్నగా సాగిన మామూలు కర్ర, పీచు పక్కకు జారిన మేలురకం టేకు కంటే ఎంతో నయం.

నారి వదలగానే బాణం బిగుసుకుని ముందుకు పోదు. వెనక నుంచి తగిలిన తోపుకు విల్లులా వంగి, అటూ ఇటూ ఊగుతూ విల్లును దాటి, ఆ తర్వాతే కుదుటపడుతుంది. పీచు తెగి పుల్ల పక్కకు బయటపడిన చోటే ఆ వంపుకు చీలిక వస్తుంది. విరిగిన వెనక ముక్కను నారి ఇంకా తోస్తూనే ఉంటుంది కాబట్టి అది విల్లు పట్టుకున్న చేతిలోకి దిగవచ్చు. అందుకే దుకాణాల్లో దొరికే గుండ్రటి కడ్డీలను ఒక్కొక్కటి వెలుతురులో తిప్పి చూడకుండా నేను కొనను. రంపం పీచు వాలును చూసి కోయదు. కట్టలో చాలావాటిని పక్కన పెట్టాల్సి వస్తుంది, పెట్టండి.

చెక్కతోనే చేయాలనుకుంటే ముడులు లేని పలక తీసుకుని, అంచున ఉలి పెట్టి కొట్టి చీల్చండి. చీలిక పీచు వెంటే పోతుంది. అది వంకరగా పోయిందంటే ఆ పలకను అక్కడితో వదిలేయండి. తిన్నగా వచ్చిన ముక్కకు చిత్రిక పట్టి, మూలలు తీసి, గరుకు కాగితంతో 8 మిల్లీమీటర్ల మందానికి గుండ్రంగా తేవచ్చు. టేకుతో నాకు రెండు చిక్కులు కనిపించాయి. దెబ్బకు పెళుసుగా విరుగుతుంది, దానిలోని నూనె వల్ల ఈకలకు రాసిన జిగురు సరిగా పట్టదు. సరుగుడు మరీ బరువు, పైగా ఆరేటప్పుడు పగులుతుంది. అమెరికాలో ఉన్నవారికైతే ఆరెగాన్ తీరపు పోర్ట్ ఆర్‌ఫర్డ్ సెడార్ ఉంది. తేలిక, తిన్నటి పీచు రెండూ ఉన్నాయి గనకే అక్కడి విలుకాళ్లు దాన్ని అంతగా ఇష్టపడతారు. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడలో దొరికిన ఆంగ్లేయుల బాణాల్లో ఎక్కువ భాగం పోప్లర్ కర్రవే. అదేమీ ఖరీదైన కలప కాదు.

ఇక వెదురు. దీని పీచు కణుపు నుంచి కణుపుకు తిన్నగా పోతుంది, బలమంతా పైపొరలో ఉంటుంది. అందుకే ఆ పొరను గీకేయకూడదు. కణుపుల దగ్గర ఎత్తును మాత్రం సుతారంగా సాపు చేయాలి. చిటికెన వేలికంటే సన్నగా, లోపల బోలు తక్కువగా ఉన్న కొమ్మలను ఎంచుకోండి. ఆ ఏటి లేత పిలకలు ఎండితే ముడుచుకుపోతాయి, కనీసం రెండేళ్ల ముదురు కావాలి. కోశాక కొన్నాళ్లు నీళ్లలో నానబెడితే పిండిపదార్థం తగ్గి పురుగు పట్టడం తగ్గుతుంది. తర్వాత కట్టగా బిగించి నీడన ఆరనివ్వండి. ఎండలో పెడితే బీటలు వారుతుంది. సొంత పొలం గట్టున పెరిగిన వెదురైతే మంచిది. 2017లో అటవీ చట్టాన్ని సవరించాక అడవి బయట పెరిగిన వెదురును చెట్టుగా లెక్కించడం లేదు. అడవిలోది మాత్రం అనుమతి లేకుండా కోయకండి.

వంకర తీయడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. నిప్పుల సెగకు కాస్త ఎడంగా తిప్పుతూ వేడి చేసి, చేతికి మెత్తబడినట్టు తెలియగానే వంపుకు ఎదురుగా వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ముందు కణుపులు, తర్వాత వాటి మధ్య భాగాలు. తొందరపడితే మాడుతుంది. లావు చివర ములికికి, సన్న చివర నారికి ఉంచండి. నారి పట్టే గాడి అడుగు కణుపుకు దగ్గరగా వచ్చేలా కోస్తే చీలిక కిందికి పాకదు. గాడి కింద దారం చుట్టి జిగురు పూయడం మరవకండి.

పుల్లలన్నీ ఒకే బిగువున ఉండాలి. 66 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఆనికల మీద పుల్ల పెట్టి, నడుమ 900 గ్రాముల బరువు వేలాడదీయండి. మీ విల్లుకు పుల్ల సుమారు 20 నుంచి 22 మిల్లీమీటర్లు కుంగితే సరిపోతుంది. అంతకంటే బాగా తక్కువ కుంగితే బిగువు ఎక్కువైనట్టే, కుడిచేత్తో నారి లాగేవారికి బాణం ఎడమకు పోతుంది. గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్ది సరిచేయండి, అది కూడా చెక్క పుల్లకే. వెదురు పైపొరను రుద్దకుండా వేరే పుల్ల వెతుక్కోవడమే మేలు.

కప్పీలుండే కాంపౌండ్ విల్లుతో కర్ర బాణం ఎప్పుడూ వేయవద్దు. చెక్క విల్లుతోనైనా ప్రతిసారీ పుల్లను చెవి దగ్గర పెట్టి కొద్దిగా వంచి చూడండి. చిటపటమని చప్పుడు వస్తే విరిచి పారేయండి. మీరు నారిని ఎంతవరకు లాగుతారో సెంటీమీటర్లలో రాస్తే పుల్ల ఎంత పొడవు కోయాలో చెబుతాను.