మూసీ మీద పనిచేసే సంస్థలో మూడేళ్ళు ఉన్నాను, అక్కడి మనుషుల గురించి చెప్తాను

"ఐటీ ఉద్యోగం మానేసి నదుల పరిరక్షణ చేసే సంస్థలో చేరాలనుంది, అక్కడ ఎలాంటివాళ్ళు పనిచేస్తారు, రోజంతా ఏం చేస్తారు, ఆ జీతంతో బతకగలమా" అని అడిగారు. నేను హైదరాబాద్‌లో మూసీ మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో 2022 వేసవి నుంచి 2025 వేసవి దాకా ఉన్నాను. జీతం తీసుకునేవాళ్ళం ఆరుగురం, ఆదివారాలు వచ్చిపోయే వాలంటీర్లు వేరు. నాకు తెలిసింది ఈ ఒక్క సంస్థే కాబట్టి దాని గురించే చెప్తాను. పేర్లు మాత్రం రాయను, వాళ్ళని అడగలేదు.

చేరకముందు నేను అనుకున్న పని ఏంటంటే, గ్లౌజులు వేసుకుని ఒడ్డున చెత్త ఏరడం, గుర్రపుడెక్క లాగి పారేయడం. అదీ చేశాం, నెలకోసారి. దానితో నది బాగుపడదని మా ఆఫీసులో అందరికీ తెలుసు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా దాదాపు 240 కిలోమీటర్లు పారే నది ఇది. 1908 వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు మూసి ఉన్న రోజుల్లో, అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు, పైనుంచి ఊళ్ళోకి వచ్చే నీళ్ళు చాలా తక్కువ. వంతెన మీద నిలబడితే మీకు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం మన ఇళ్ళలోంచి వచ్చిన నీళ్ళే, కొన్ని శుద్ధి చేసినవి, కొన్ని చేయనివి. ఒడ్డున కవర్లు ఏరితే ఒడ్డు శుభ్రమవుతుంది, వచ్చినవాళ్ళు నదిని దగ్గరగా చూస్తారు, అంతవరకూ మంచిదే. మిగతా ఇరవై తొమ్మిది రోజుల పని వేరు.

ఆ పని చెప్పాలంటే మా కెమిస్ట్రీ సారుతో మొదలుపెట్టాలి. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా రిటైరయ్యారు, జీతం తీసుకోరు, పెట్రోల్ ఖర్చు మాత్రం ఇస్తాం. నెల మొదటి శనివారం పొద్దున ఆరింటికల్లా గండిపేట పైభాగంలో ఒక నమూనా, తర్వాత మూసీ, దాని ఉపనది ఈసీ కలిసే బాపూఘాట్ దగ్గర, మూసారాంబాగ్ దగ్గర, నాగోల్ దగ్గర, చివరగా ఊరు దాటాక ప్రతాపసింగారం దగ్గర ఒకటి. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూడాలంటే గాజు సీసాలో బుడగ లేకుండా నీళ్ళు నింపి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షారం కలిపిన అయొడైడ్ ద్రావణం వేసి, మూత పెట్టి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే మడ్డి గోధుమ రంగులో దిగుతుంది, లేకపోతే తెల్లగా దిగుతుంది. గండిపేట పైన సీసాలో చింతపండు పులుసు రంగు వస్తే, మూసారాంబాగ్ దగ్గర విరిగిన పాలలాగా తెల్లగా ఉండిపోయేది. మొదటిసారి ఆ తెలుపు చూసినప్పుడు నేను ఏదో తప్పు చేశానేమో అనుకుని మళ్ళీ చేశాను, మళ్ళీ తెలుపే. సారు ఏమీ అనలేదు, నోట్‌బుక్ నా చేతికిచ్చి తేదీ, టైము రాయమన్నారు. స్నానానికి పనికొచ్చే నదిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది మన దేశంలో ప్రమాణం. ఆ సీసాలో ఉన్నది దాదాపు సున్నా.

ఒక ఏప్రిల్‌లో మా ఆటో మధ్యలో ఆగిపోయి, మిగతా పరీక్షలకి ల్యాబ్‌కి తీసుకెళ్ళే నమూనాల డబ్బాలో ఐస్ కరిగిపోయి, మేం వెళ్ళేసరికి ల్యాబ్‌వాళ్ళు నమూనాలు తీసుకోలేదు. దాతలకి రిపోర్టు పంపాల్సిన నెల అది, నాకు చాలా టెన్షన్. పోయిన నెల అంకెలు దాదాపు ఇంతే కదా, అవే వేద్దామా అని అడిగాను. "లేనిచోట లేదని రాయండి, కారణం కూడా రాయండి" అన్నారు సారు, అంతే. ఆ నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఆ పేజీ అలాగే ఉంటుంది, ఐస్ కరిగింది, నమూనాలు లేవు అని నా చేతిరాతతో.

ఆ పట్టుదల దేనికో నాకు లా చదివిన అమ్మాయి వల్ల అర్థమైంది. మా అందరికన్నా చిన్నది, అందరికన్నా ఎక్కువ గంటలు కూర్చునేది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టడం, 30 రోజులు చూడడం, జవాబు రాకపోతే అప్పీలు, ఇదే తన పని. ఏ శుద్ధి కేంద్రంలోకి రోజుకి ఎన్ని నీళ్ళు వస్తున్నాయి, ఏ రోజుల్లో మోటార్లు ఆగాయి, ఇలాంటి ప్రశ్నలు. "నది ఎందుకు మురికిగా ఉంది" అని రాస్తే ఎవరూ జవాబివ్వరని, "ఫలానా నెలలో ఫలానా కేంద్రం లాగ్‌బుక్ నకలు ఇవ్వండి" అని రాస్తే ఇవ్వక తప్పదని నేర్పింది తనే. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళాలంటే సాధారణంగా కారణం పుట్టిన ఆరు నెలల్లోపు వెళ్ళాలి, అందుకే సారు రాయించిన ఆ తేదీలు, టైములు తనకి ప్రాణం. ఒకరోజు సారు నోట్‌బుక్‌నీ, తనకొచ్చిన ఒక లాగ్‌బుక్ నకలునీ పక్కపక్కన పెట్టి చూస్తే, మేం వెళ్ళిన రోజే మోటార్లు ఆగి ఉన్నాయని తేలింది. ఆ రోజు ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఆ రెండు కాగితాలూ చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇక అక్క. మీరు అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఆమే. పదో తరగతి దాకా చదివింది, నది పక్క బస్తీలోనే ఉంటుంది, సంస్థలో అందరికన్నా ఎక్కువ కాలం నుంచి పనిచేస్తోంది. ఏ నాలా ఎక్కడ నదిలో కలుస్తుందో మ్యాప్ లేకుండా చెప్తుంది, కళ్ళు మూసుకుని వాసనతో ఇది చికెన్ షాపుల వ్యర్థం, ఇది సెప్టిక్ ట్యాంకర్ అని చెప్పడం నేను నా ఎదురుగా చూశాను. రాత్రిపూట ట్యాంకర్లు ఖాళీ చేసేచోట ఒక డ్రైవర్‌ని పట్టుకుంది. పోలీసులకి ఫోన్ చేద్దామన్నాను నేను. ఆమె ముందు అతనితో పావుగంట మాట్లాడింది. ట్యాంకర్లు శుద్ధి కేంద్రంలో ఖాళీ చేసుకునే ఏర్పాటు ఉంది, అది అతనికీ తెలుసు, కానీ ఓనరు ట్రిప్పుల లెక్కన డబ్బులిస్తాడు, అంత దూరం పోయొస్తే రెండు ట్రిప్పులు తగ్గుతాయి. మర్నాడు ఆమె ఓనరు ఇంటికే వెళ్ళింది, ఆ తర్వాత వారంలో మూడుసార్లు వెళ్ళింది. ఆ చోట ఆగింది. వేరేచోట మొదలై ఉండొచ్చు, అలా కాదని నేను చెప్పలేను.

ఊరు దాటాక నది ఒడ్డున ఇదే నీళ్ళతో పచ్చగడ్డి పెంచుతారు, పారా గ్రాస్ అంటారు, ఏడాది పొడవునా కోస్తారు, ఊళ్ళో డెయిరీలకి అమ్ముతారు. కింద కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) నుంచి కాలవల్లోకి మళ్ళించి వరి కూడా వేస్తారు. మేం వెళ్ళి నీళ్ళు బాగుచేయాలి అంటే ఒక పెద్దాయన, "నీళ్ళు ఆగితే గడ్డి యాడికెళ్ళి వస్తది, మా బర్లు ఏం తింటయి బిడ్డా?" అని అడిగాడు. దీనికి మా దగ్గర తయారుగా జవాబు లేదు. నీళ్ళు ఆపడం కాదు, శుద్ధి చేసినవి మీకే రావాలి అని అక్క చెప్పింది. ఆ మాట ఆయన నమ్మడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆమె వెళ్ళి వాళ్ళ గట్టు మీద కూర్చుని చాయ్ తాగి వచ్చేది, ఫీల్డ్ రిపోర్టులో ఆ రోజులకి రాయడానికి ఏమీ ఉండేది కాదు.

2024 సెప్టెంబరులో అధికారులు నదీగర్భం అని గుర్తించిన చోట, కూల్చేవాటికి గుర్తుగా, ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్) అని రాశారు. మర్నాటి నుంచి బస్తీల్లో మాకు తలుపులు తెరవలేదు. నది గురించి మాట్లాడేవాళ్ళందరూ ఇళ్ళు కూలగొట్టడానికి వచ్చినవాళ్ళే అనుకున్నారు, అనుకోవడంలో తప్పు లేదు. అక్క బంధువుల ఇంటి మీద కూడా రాశారు. ఆమె రెండు వారాలు ఆఫీసుకి రాలేదు. వచ్చాక మా డైరెక్టర్ ఎదురుగా నిలబడి, ఈ మనుషులు కూడా నది పక్షమే అని మన బోర్డు మీద రాస్తారా లేదా అని అడిగింది. ఆ మీటింగు నాలుగు గంటలు సాగింది, ఒకరిద్దరు ఏడ్చారు, నేను కూడా. బయట చాలామంది పర్యావరణం అనే మాట వాడేటప్పుడు ఒడ్డున ఉన్న మనిషిని కూడా చెత్తతో కలిపి లెక్కేస్తారు. మీరు చేరబోయే సంస్థలో ఈ విషయం మీద ఏమనుకుంటారో ముందే అడగండి.

డబ్బుల సంగతి. నాకు నెలకి 22 వేలు వచ్చేవి, అంతకుముందు ఉద్యోగంలో 48 వేలు. పెద్ద కంపెనీలు తమ లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్న చట్టం ఉంది కదా, మాకు ఎక్కువ డబ్బు అక్కడినుంచే వచ్చేది. మొక్కలు నాటడానికి, టీషర్టులకి, ఆదివారం చెత్త ఏరడానికి డబ్బులు తేలిగ్గా వస్తాయి, ఫోటో ఉంటుంది కాబట్టి. ల్యాబ్ ఫీజులకి, లా అమ్మాయి జీతానికి ఎవరూ ఇవ్వరు. మా అకౌంట్స్ అన్న ఈ రెండింటి మధ్య నలిగిపోయేవాడు, అయినా ఒక పద్దు కింద వచ్చిన డబ్బు ఇంకో పద్దు కింద ఖర్చు పెట్టనివ్వలేదు, ఒక్కసారి కూడా. ఒక కంపెనీ మధ్యలో ఆపేస్తే రెండున్నర నెలలు జీతాలు లేవు. ఆ టైములో అక్క కొడుకు ఫీజు అన్నే కట్టాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా నాన్నకి ఆపరేషన్ అయ్యాక నేను మానేయాల్సి వచ్చింది, ఇష్టం లేక కాదు.

కాబట్టి మీ మీద ఇల్లు గడిచే బాధ్యత ఉంటే వెంటనే రాజీనామా చేయొద్దు. కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి, ముందు మూడు నెలలు శనివారాలు వెళ్ళండి. వెళ్ళినప్పుడు వాళ్ళ కొలతల నోట్‌బుక్ చూపించమనండి, అందులో ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయేమో చూడండి. పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టు అడగండి, ఇవ్వడానికి నసిగితే ఆలోచించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, అక్కలాంటి మనిషి అక్కడ ఎంతకాలంగా ఉందో, ఆమెకి జీతం ఎంతిస్తున్నారో, మీటింగులో ఆమె మాట్లాడేటప్పుడు మిగతావాళ్ళు ఫోన్ పక్కన పెడతారో లేదో చూడండి.

మోకాళ్ళ దాకా వచ్చే గమ్ బూట్లు కొనుక్కోండి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోండి, చేతికి గాయం ఉన్న రోజు నీళ్ళ దగ్గరికి వెళ్ళకండి. మీరుండేది హైదరాబాదే అయితే నాకు మెసేజ్ పెట్టండి, నేను సారుతో మాట్లాడతాను. ఆయన ఇప్పటికీ మొదటి శనివారం స్కూటర్ మీద వెళ్తున్నారు, సీసాలు పట్టుకోవడానికి మనిషి కావాలి.