మాత్రలు, ఎముకలు, మధ్యలో పళ్ల డాక్టరు

మీ నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకింది, టార్గెటెడ్ థెరపీ (క్యాన్సర్ కణంలోని జీన్ మార్పును గురిచూసి కొట్టే మందు) మొదలుపెట్టారు, ఎన్నాళ్లుంటారు అని అడిగారు. ఏ మ్యుటేషనో, అంటే ఏ జీన్‌లో మార్పో మాత్రం రాయలేదు. అది తెలియకుండా నెలలు లెక్కగట్టి చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి.

మా అమ్మకూ ఇదే క్యాన్సర్, ఈజీఎఫ్ఆర్ అనే జీన్ మారిన రకం. వాడేది ఒసిమెర్టినిబ్, రోజుకొక మాత్ర. దాని మీద జరిగిన ఫ్లౌరా ట్రయల్‌లో సగం మంది 38 నెలలు దాటి బతికారు. ఏఎల్‌కే అనే ఇంకో జీన్ మారిన రకమైతే ఇంకా నయం. దానికిచ్చే లోర్లాటినిబ్ మాత్ర వాడినవాళ్లలో 60 శాతం మందికి ఐదేళ్ల తర్వాత కూడా జబ్బు ముదరలేదు. ఎముకలకు పాకినవాళ్లకు ఈ లెక్క కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ మనిషిని మంచాన పడేసేది చాలాసార్లు ఆ ఎముకలే. వాటిని చూసుకుంటే సగం గెలిచినట్టేనని నా గట్టి నమ్మకం.

అమ్మకు ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షన్ రాసిన డాక్టరు, ముందు పళ్లు చూపించుకుని రమ్మన్నారు. ఆ మందు మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక పుండుపడే ప్రమాదం ఉందట. కడపలో ఏడు రోడ్ల దగ్గర పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోబెడితే అమ్మ నోరు తెరవదే! "నడుం నొప్పని వస్తే పండ్లు చూస్తారేంరా? ఎద్దును కొంటాండారా ఏమి?" అంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక మాస్కు సర్దుకుంది. చివరికి వక్కాకు నమిలి నమిలి పుచ్చిపోయిన దవడ పన్ను పీకి, చిగురు మానాకే ఇంజక్షన్‌కు పొమ్మంది. తుంటి నొప్పికి రేడియేషన్ ఒక్క సిట్టింగే ఇచ్చారు. కొన్ని వారాలకు అమ్మ ఆ పక్కకు తిరిగి పడుకోగలిగింది.

నా కడుపుమంట వేరే ఉంది. మా వైపు దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే చాలు, కళ్లె పరీక్షలో ఏమీ రాకున్నా టీబీ మందులే. అమ్మకూ నెలల తరబడి అవే మింగించారు. ఇక చుట్టాలు! "బీడీ కూడా ముట్టని మనిషికి ఎట్లొచ్చింది?" అని చెవిలో గుసగుసలు. ఈజీఎఫ్ఆర్ రకం పొగ తాగనివాళ్లలోనే, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువని ఎంతమందికని చెప్పేది?

మీరు మాత్రం ఆ జీన్ రిపోర్టు కాపీ ఫోన్‌లో పెట్టుకోండి. నాన్నగారికి ఉన్నట్టుండి కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగినా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.