ముప్పై మూడేళ్లకు డిగ్రీ: ఫీజు పెరిగితే విలువ పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 33 ఏళ్లు. బీకాం రెండో ఏడాదిలో ఉండగా మంచి సంబంధం వచ్చిందని పెళ్లి చేశాం, చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు రాస్తోంది. ఇద్దరు పిల్లలు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరి బీకాం పూర్తి చేస్తానంటోంది. ఆ డిగ్రీని ఎవరూ లెక్కచేయరేమోనని నా భయం. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో డిజిటల్ మార్కెటింగ్ కలిపిన ఆన్‌లైన్ బీబీఏకి లక్షన్నర అడుగుతున్నారు, వాయిదాల్లో కట్టవచ్చట. వాళ్లకు అమ్మాయి ఫోన్ నంబరు ఇచ్చాను. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) కూడా ఉందంటున్నారు. మూడింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: మీ భయం కొత్తది కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా అడ్మిషన్ల వేళ వస్తూనే ఉంటాయి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తింపుతో దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేసిన డిగ్రీ, కాలేజీకి వెళ్లి చేసిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ మరోసారి స్పష్టం చేసింది. మీరు తక్కువగా చూస్తున్న అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇగ్నో ఆ తర్వాత మూడేళ్లకు వచ్చింది. దానికి తొలి వైస్ ఛాన్స్‌లర్ అయిన జి.రాంరెడ్డి గారు, అంతకుముందు ఇక్కడ తొలి వైస్ ఛాన్స్‌లర్‌గా చేసినవారే. కాలేజీలో కూర్చుని డిగ్రీ చదివిన పిల్లలు కూడా గ్రూప్స్‌కు తయారయ్యేటప్పుడు ఈ విశ్వవిద్యాలయం పుస్తకాలనే వెతుక్కుంటారు. ఇంకెవరు లెక్కచేయాలి?

ఇక ఆ లక్షన్నర బీబీఏ. ఆన్‌లైన్ డిగ్రీలన్నీ మోసమని నేను అనను. గుర్తింపు ఉన్నవి ఉన్నాయి, శ్రద్ధగా చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ వాటిని అమ్మే తీరు చూస్తే నాకు నమ్మకం కుదరదు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి ‘రాయితీ ఈ రాత్రితో ఆఖరు’ అనే మనిషి అధ్యాపకుడు కాడు, కమిషన్ మీద బతికే సేల్స్ ఉద్యోగి. వడ్డీ లేని వాయిదాలు అంటారు. కాగితం తిప్పి చూడండి, చాలాచోట్ల అది అమ్మాయి పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. రెండో సెమిస్టర్‌లో చదువు మానేసినా వాయిదా ఆగదు. ‘ప్లేస్‌మెంట్ సహాయం’ అంటే ఉద్యోగం అని మీరు అనుకుంటారు, వాళ్లు ఒక వెబ్‌సైట్ లాగిన్ ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అయినా ఏళ్లుగా జీఎస్టీ బిల్లులు, స్టాకు లెక్కలు చూస్తున్న మనిషికి బీకాం కదా అక్కరకొచ్చేది? డిజిటల్ మార్కెటింగ్ కలిపిన బీబీఏ ఎవరి కోరిక? ఆమెదైతే కాదు.

ఎందులో చేరినా ముందు చూడాల్సింది యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్. యూనివర్సిటీ పేరు ఉంటే చాలదు. ఈ విద్యా సంవత్సరానికి, ఈ కోర్సుకు, ఈ పద్ధతిలో అనుమతి ఉందో లేదో చూడాలి. వేరే రాష్ట్రపు రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇక్కడ సందులో బోర్డు కట్టి దూరవిద్య సెంటర్ నడుపుతుంటే ఆ మెట్టు ఎక్కకండి. ‘ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ’ అన్న గోడ ప్రకటనల సంగతి చెప్పనక్కర్లేదు. డీమ్డ్ యూనివర్సిటీలు (విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థలు) అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఏళ్ల తరబడి ఉద్యోగం చేస్తున్నవాళ్లు కూడా చిక్కుల్లో పడ్డారు.

అంబేడ్కర్‌కూ ఇగ్నోకూ మధ్య తేడా మీరు అనుకున్నంత లేదు. తెలుగులో చదవాలంటే మొదటిది నయం. ఇగ్నోలో ప్రధానంగా ఇంగ్లిషు, హిందీ. ఇగ్నోలో అసైన్‌మెంట్లకు సాధారణంగా 30 శాతం మార్కులుంటాయి, మూడేళ్ల బీకాంను ఆరేళ్లలోపు ముగించవచ్చు. పాత కాలేజీలో రాసిన పేపర్లు కలుస్తాయేమో అడిగి చూడండి గానీ, ఆశ పెట్టుకోవద్దు.

అసలు ఇబ్బంది డిగ్రీ పేరుతో రాదు, తీరికతో వస్తుంది. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. ఉదయం క్యారేజీలు, సాయంత్రం హోంవర్కులు, మధ్యలో ఉద్యోగం. ఆ గంటలు ఎక్కడినుంచి వస్తాయి? పెద్దల దూరవిద్య మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆదివారం తరగతి ఉన్న రోజే ఇంటికి చుట్టాలొస్తారు.

కాస్త కటువుగా అంటాను, ఏమనుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయి ఏం కోరుకుంటోందో ఒక్క వాక్యంలో ఉంది, నలుగురు ఏమంటారోనన్న బెంగ మిగతా అంతా ఉంది. ముప్పై మూడేళ్ల మనిషి తన జీతం తాను తెచ్చుకుంటూ, తనకు తగిన చోటు తానే వెతుక్కుంది. ఆ సేల్స్‌వాళ్లకు ఆమె నంబరు మీరెందుకు ఇచ్చారు? చదువు మాన్పించి పెళ్లి చేశామన్న బాధ మీలో ఉంది, అది మంచి బాధే. కానీ లక్షన్నర కట్టేసి దాన్ని తీర్చుకోవాలని చూస్తున్నారు. ఆ అప్పు మళ్లీ ఆమె నెత్తినే పడుతుంది. అప్పుడు సంబంధం మీరు చూశారు, ఇప్పుడు కోర్సు కూడా మీరే చూడాలా?

ఆమె ఎంచుకున్నది సరైనదే, చేరనివ్వండి. వయసు మించిందన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి, పరీక్ష హాల్లో ఆమె కంటే పెద్దవాళ్లు కూడా కనిపిస్తారు. మీరు ఖర్చు పెట్టాలనుకుంటే సూర్యాపేట నుంచి ఉప్పల్‌కు బస్సు టికెట్లకు పెట్టండి. తరగతి ఉన్న ఆదివారాల్లో పిల్లల్ని మీరు చూసుకుంటారా, పరీక్షల నెలలో మీ ఆవిడ వెళ్లి వంట చూస్తారా? కుదిరేదేదో ఈ వారమే అమ్మాయికీ అల్లుడికీ ఫోన్ చేసి చెప్పండి. ఇకముందు సందేహాలుంటే ఆమెనే నాకు రాయమనండి.