మెత్తబడిన పుంజును మళ్లీ మందలో కలపడం

పెద్ద పుంజు మూడు రోజులుగా మేత ముట్టక ముడుచుకుని కూర్చుంటోందని, ఈలోగా పడుచు పుంజు దాన్ని పొడుస్తోందని రాశారు కదండీ. ముందు దాన్ని ఈ సాయంత్రమే వేరు చేయండి. మన కోనసీమలో వానలకు నేల చెమ్మగా ఉంటుంది కాబట్టి గంప కింద ఎండుగడ్డి మందంగా పరచండి. మందకు మేత వేశాకే దీని దగ్గరికి వెళ్లండి, తర్వాత చేతులు కడుక్కోండి.

రెట్ట చూడండి. పచ్చగా పారుతూ, మెడ మెలితిరుగుతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే కొక్కెర తెగులని అనుమానించాలి. అది వైరస్ జబ్బు, మందు లేదు. ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చెప్పండి, మిగిలినవాటికి టీకా సంగతి ఆయన్నే అడగండి. రెట్టలో రక్తం పడితే అది చాలావరకు కాక్సిడియోసిస్ (పేగులకు పట్టే పరాన్నజీవి జబ్బు) కావచ్చు, దానికి మందు ఉంది. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ మాత్రం వేయకండి.

నీళ్లు తాగించడమే ఇప్పుడు అసలు పని. ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు ముక్కు అంచున చుక్కచుక్కగా వేయండి, గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నూకల జావ కొద్దిగా పెట్టండి.

కోలుకున్నాక నేరుగా వదలకండి. ఈలోగా మందలో పెత్తనం పడుచు పుంజుదైపోయి ఉంటుంది. వారం పాటు వల అడ్డుగా ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. నెత్తురు వచ్చేలా కొట్టుకుంటే రెండింటికీ వేర్వేరు పెట్టలు, వేర్వేరు దొడ్లు తప్పవండీ.