లైనర్ తర్వాత కొనవచ్చు, ముందు ఆ పుండు చూపించండి

ప్రశ్న: నా వయసు 46. సొంతూరు ఒంగోలు. చాలాకాలంగా అమెరికాలో, కొలరాడోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చలికాలంలో స్నేహితులతో కలిసి స్కీయింగ్‌కు వెళ్తుంటా. స్కీ బూటుకు పైన గట్టి ప్లాస్టిక్ షెల్, లోపల మెత్తటి లైనర్ ఉంటాయి. ఆ లైనర్‌తోనే నా బాధంతా. కొత్తలో బిగుతు, రెండు సీజన్లు తిరిగేసరికి వదులు. మడమ లేస్తోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. రెండు జతల సాక్సులు వేసినా అంతే. కుడికాలి చిటికెన వేలి కింద ఆనెకాయ లేస్తే కార్న్ క్యాప్ పట్టీలు వేశా. తోలు ఊడి పుండులా అయింది, నొప్పేం లేదు గానీ అప్పుడప్పుడు సాక్సుకు తడి అంటుతోంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మూడు రోజులు వాడా. ఏప్రిల్ నుంచి ఇంటి దగ్గరే ఉన్నా. ఇక్కడ కూడా రాత్రిళ్లు అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు. నాన్నకు షుగర్ ఉంది. నాకు లేదు, మూడేళ్ల కింద బోర్డర్‌లో ఉందన్నారంతే. సౌకర్యంగా, కాలికి సరిగ్గా అమరి, ఎక్కువకాలం మన్నే లైనర్ ఎలాంటిది? బ్యాటరీతో వేడెక్కేవి మంచివేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీరు బూట్ల గురించి చాలా రాశారు. నన్ను ఆపినవి మాత్రం రెండు మాటలు. ఒకటి ‘నొప్పేం లేదు’. రెండోది ‘ఇక్కడ కూడా’.

ఒంగోలులో ఇప్పుడు మే నెల. మంచు లేదు, స్కీ బూటు లేదు. అయినా రాత్రి అరికాళ్లు మండుతున్నాయంటే అది లైనర్ చేసిన పని కాకపోవచ్చు. బూటు బిగుతు వల్ల వచ్చే తిమ్మిరి మామూలుగా బూటు విప్పిన కాసేపటికి పోతుంది. అది కూడా పాదం పైభాగాన బకిల్ నొక్కిన చోటో, మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్యనో, ఒక తావున ఉంటుంది. రెండు పాదాలకూ ఒకేలా వచ్చి, వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతూ, పడుకున్నాక ఎక్కువయ్యేది వేరే సంగతి. అది నరాలు దెబ్బతిన్నప్పటి లక్షణం. మొదటి అనుమానం షుగర్ మీద. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా ఉన్నా, మద్యం అలవాటున్నా, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా ఇలాగే రావచ్చు. కుష్టును కూడా మనవైపు డాక్టర్లు మనసులో ఉంచుకుంటారు. కంగారు పడకండి, అన్నీ పరీక్షలో తేలేవే. కాలు చూడకుండా ఇదే జబ్బని నేను రాయలేను.

‘బోర్డర్‌లో ఉందన్నారంతే’ అని రాశారు. ఆ ‘అంతే’ అన్న ధైర్యం ఎవరిచ్చారో గానీ ఓపీలో రోజూ వినే మాటే అది. బోర్డర్ అంటే షుగర్ లేదని కాదు, ఏటా చూపించుకోమని. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ. అది 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే బోర్డర్ అంటాం, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ కింద లెక్క. పరగడుపు రక్తంలో షుగర్ అయితే 126 దగ్గర గీత గీస్తాం. పైకి లక్షణాలేమీ లేకపోతే ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేసుకుంటాం. తండ్రికి షుగర్, మీకు 46 ఏళ్లు, రోజంతా కూర్చుని చేసే పని. మూడేళ్లు పరీక్ష లేకుండా ఎలా ఉన్నారండీ? నాన్నగారి గ్లూకోమీటర్‌లో వేలు గుచ్చి చూసుకుని బాగానే ఉందనుకోవద్దు. వైద్యంలో ఉన్నవాళ్లు రోజువారీ చూసుకోవడానికి పెట్టిన మిషన్ అది, జబ్బు ఉందో లేదో తేల్చడానికి ల్యాబ్‌లో రక్తం ఇవ్వాల్సిందే. ఆయన వేసుకునే బిళ్లలు మీరు మొదలుపెట్టడం అసలే వద్దు.

ఇక కార్న్ క్యాప్. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు చాలదు. ఆ పట్టీలో ఉండేది శాలిసిలిక్ యాసిడ్. గట్టిపడిన చర్మాన్ని కరిగించడమే దాని పని. ఆనెకాయ ఎక్కడ అయిపోయిందో, మంచి చర్మం ఎక్కడ మొదలైందో దానికి తెలియదు. స్పర్శ బాగున్న కాలికైతే చురుక్కుమనగానే పట్టీ పీకేస్తారు. స్పర్శ తగ్గిన కాలికి చురుక్కుమనదు, పట్టీ అలాగే ఉంటుంది, కింద గుంత పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు వాడొద్దని ఆ అట్టపెట్టె మీదే రాసి ఉంటుంది, మనం చదవం. బ్లేడుతో చెక్కుకునేవాళ్లు కూడా ఉన్నారు, అది ఇంకా ఘోరం. చీమకుర్తి క్వారీల్లో సేఫ్టీ బూట్లతో పనిచేసేవాళ్లు, రొయ్యల గుంటల మీద గంటల తరబడి గమ్‌బూట్లలో నిలబడేవాళ్లు, అమెరికా నుంచి వచ్చిన మీరు, అందరూ ఈ విషయంలో ఒకేలా చేస్తారు. ముందు బూటును తిడతారు, తర్వాత మెడికల్ షాపుకు పోతారు, చివరకు మా దగ్గరికి వస్తారు. వచ్చేసరికి ఎముక దాకా పోయిన కేసులు ఉంటాయి. మీది అక్కడిదాకా పోయిందని అనడం లేదు.

మూడు రోజుల యాంటీబయాటిక్ కూడా తప్పే. ఏ క్రిమి ఉందో తెలియదు, అసలు ఆ మందు అవసరమో లేదో తెలియదు. అక్కరలేకపోతే వేసుకోకూడదు, అవసరమైతే మూడు రోజులతో ఆపకూడదు.

ఈ వారంలో, కుదిరితే రేపే, సర్జన్‌కో షుగర్ డాక్టరుకో ఆ కాలు చూపించండి. ఒంగోలులో రిమ్స్ అని అందరూ పిలిచే ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, నెల్లూరు వెళ్లగలిగితే అక్కడా ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, మీకు తెలిసిన డాక్టరు ఉంటే ఆయన దగ్గరికే వెళ్లండి. ఎవరైనా సరే సాక్సు విప్పించి చూడాలి. పది గ్రాముల మోనోఫిలమెంట్ అని సన్నటి నైలాన్ దారం లాంటిది ఉంటుంది. కళ్లు మూయించి దాన్ని అరికాలికి ఆనిస్తారు, తగిలిందో లేదో మీరు చెప్పాలి. ట్యూనింగ్ ఫోర్క్ అనే కంపించే లోహపు కడ్డీ ఆనించి, ఆ అదురు తెలుస్తోందో లేదో కూడా చూస్తారు. పాదం దగ్గర నాడి సరిగా అందకపోతే రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ పరీక్ష రాస్తారు. పుండు లోతుగా ఉంటే ఎక్స్‌రే తీయిస్తారు. రక్తంలో పరగడుపు, తిన్న తర్వాత షుగర్, హెచ్‌బీఏ1సీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, బి12, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తారు. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు చేసుకుని వెళ్లండి.

అప్పటిదాకా ఆ కాలి మీద బరువు తగ్గించండి. సెలైన్‌తో కడిగి శుభ్రమైన గాజ్ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) కట్టండి, చాలు. పసుపు, డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. ఉప్పు వేసిన వేడి నీళ్లలో కాలు పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, అది మరీ వద్దు. తిమ్మిరి కాలికి నీళ్ల వేడి తెలియక బొబ్బలెక్కి వచ్చినవాళ్లను చూస్తూనే ఉంటాం. సెలవుల్లో వచ్చారు కాబట్టి కొత్తపట్నం బీచ్‌కో, శనివారం మాలకొండకో బయల్దేరతారేమో. ఈ ఎండలకు ఇసుకా, గుడి రాళ్లూ కాలిపోతుంటాయి. పుండు మానేదాకా ఆగండి, మానాక కూడా వట్టి కాళ్లతో తిరగొద్దు. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా ఈ వారమంతా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

మీరు అడిగిన లైనర్ సంగతి. నేను స్కీయింగ్ చేసేవాణ్ణి కాదు, కాళ్లు చూసేవాణ్ణి కాబట్టి అంతవరకే చెబుతా. మీ ఇబ్బంది నాకు అర్థమైనంతలో ఇది. లైనర్‌లోని మెత్తటి ఫోమ్ వాడేకొద్దీ అణిగిపోతుంది, అది మామూలే. అణిగి వదులైతే మడమ లేస్తుంది, మడమ లేస్తుందని మీరు బకిల్ బిగిస్తారు, బిగిస్తే పాదం పైన నరమూ రక్తనాళమూ నొక్కుకుపోతాయి. దాని మీద రెండో జత సాక్సులు. అవి వెచ్చదనం ఇవ్వవు సరికదా, ఉన్న కాస్త చోటునూ తినేసి రక్తం ఆడకుండా చేస్తాయి. పల్చటి ఉన్ని సాక్సులు ఒక్క జత చాలు, నూలువి వద్దు, చెమట పట్టి తడిగా ఉండిపోతాయి. కొనేటప్పుడు లైనర్ తీసేసి వట్టి షెల్‌లో కాలు పెట్టండి. వేళ్లు ముందు అంచుకు తాకేలా పెడితే మడమ వెనక ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. అంతకంటే చాలా ఎక్కువుంటే షెల్ సైజే పెద్దది, ఎంత ఖరీదైన లైనర్ వేసినా నిలవదు. వేడి చేసి పాదం ఆకారానికి అచ్చుపోసే ఫోమ్ లైనర్లు మామూలువాటి కంటే నిదానంగా అణుగుతాయని వాడినవాళ్లు అంటారు. అడుగున పాదం వంపుకు తగిన ఇన్‌సోల్ కావాలి. సాయంత్రం లైనర్ బయటికి తీసి ఆరబెట్టాలి, హీటర్ మీద మాత్రం పెట్టకూడదు.

అయితే ఇక్కడో చిక్కుంది. బూటు అమర్చే మనిషి ‘ఎక్కడ నొక్కుతోంది?’ అని అడుగుతాడు. జవాబు చెప్పాల్సింది మీ పాదం. దానికి స్పర్శ తగ్గి ఉంటే మీరు ‘హాయిగా ఉంది’ అన్న మాటకు విలువ లేదు. స్పర్శ తగ్గినవాళ్లు బిగుతుగా ఉంటేనే సరిపోయిందనుకుని చిన్న సైజు కొనుక్కోవడం మామూలుగా జరిగేదే. అందుకే స్పర్శ పరీక్ష కాకముందు లైనర్ కొనొద్దంటున్నా. బ్యాటరీతో వేడెక్కేవి అసలొద్దు. వేడి తెలియని కాలికి నిప్పు తోడిచ్చినట్టే. నరాల జబ్బని తేలితే మళ్లీ మంచు మీదికి వెళ్లొచ్చా లేదా అన్నది అక్కడి మీ డాక్టరు కాలు చూసి తేల్చాలి, చలికి వేళ్లు చచ్చుబడినా మీకు తెలియకపోయే ప్రమాదం ఉంది. వెళ్లనిస్తే గంట గంటకూ బకిల్స్ వదులు చేసుకోవాలి, మధ్యాహ్నం బూటు విప్పి పాదం చుట్టూ కళ్లతో చూసుకోవాలి. అడుగు భాగానికి ఫోన్ కెమెరా పెట్టుకోండి.

కొలరాడోలో సీజన్ ఎంత తొందరగా మొదలైనా అక్టోబరు, నవంబరు. లైనర్‌కు బోలెడు టైముంది. రేపు పొద్దున కాఫీ తాగకుండా ల్యాబ్‌కు వెళ్లండి, మూడేళ్ల కిందటి రిపోర్టు ఫోన్‌లో ఉంటే డాక్టరుకు చూపించండి.