ఐదో నెలలో తొలిసారి వచ్చిన గర్భిణికి ఏమేం చూడాలి?

ప్రశ్న: ఆదోని ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇటీవలే చేరాను. గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే ప్రతి నెలా 9వ తేదీన వారి రద్దీ విపరీతంగా ఉంటుంది. గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లి వచ్చినవారు ఐదో నెల దాటాక తొలిసారి కనిపిస్తున్నారు. ఉన్న కొద్ది సమయంలో ఏవి వదలకూడదు?
– ఒక యువ వైద్యురాలు, కర్నూలు జిల్లా

జవాబు: ఆలస్యమైందని మందలించకండి, మాట పడిన మనిషి మళ్లీ మీ గడప తొక్కదు. ముందు నెలలు తేల్చండి. చివరి నెలసరి తేదీ గుర్తులేదన్నవారు సైతం దసరాకు ముందా, దీపావళి తర్వాతా అని అడిగితే దాదాపు సరిగానే చెబుతారు. తొలి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ ఉంటే దాని ప్రకారం కాన్పు తేదీ ఖాయం చేయండి. లేకపోతే ఆ వారంలోనే స్కానింగుకు పంపండి. ఆ తర్వాత తీసే ఒక్కో స్కానింగులో ఒక్కో తేదీ వస్తుంది. దాన్ని బట్టి పాత తేదీని మార్చడం కొత్త వైద్యులు తరచుగా చేసే పొరపాటు. అలా మార్చుకుంటూ పోతే బిడ్డ ఎదుగుదల కుంటుపడిన సంగతే కనబడకుండా పోతుంది.

వరుసలో నిలబడి వచ్చిన ఆమెకు వెంటనే బీపీ చూడవద్దు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి చూడండి. 140/90 లేదా అంతకు మించి ఉంటే మూత్రంలో ప్రొటీన్ పరీక్షించి, నాలుగు గంటల తర్వాత బీపీ మళ్లీ చూడాలి. 160/110 లేదా ఆపైన అయితే అంతసేపు ఆగకూడదు. 15 నిమిషాల్లో మరోసారి చూసుకొని, చికిత్స మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపాలి.

మధుమేహ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర చూస్తాం; 140 మి.గ్రా. లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహమే. మన ప్రభుత్వ విధానంలో పరగడుపు నియమం లేదు కనుక, పొద్దున్నే జొన్నరొట్టె తిని బస్సెక్కిన మనిషిని మరో రోజు రమ్మని తిప్పి పంపనక్కరలేదు. బ్లడ్ గ్రూపు, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా, నులిపురుగులకు ఒక అల్బెండజోల్ మాత్ర అదే రోజు పూర్తి చేయవచ్చు.

హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతే. మామూలుగా ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇస్తాం. 7 నుంచి 10.9 వరకు ఉన్నవారికి రోజుకు రెండు ఇచ్చి, నెలకు మళ్లీ పరీక్షించాలి. 7 కంటే తగ్గితే మాత్రలతో సరిపెట్టకుండా వైద్యుల పర్యవేక్షణలో సిర ద్వారా ఐరన్ ఎక్కించాలి; 5 కంటే తగ్గినా, చివరి మూడు నెలల్లో 7 కంటే తగ్గినా వెంటనే ఆసుపత్రిలో చేర్పించాలి. మాత్రలు తీసుకోవడం వేరు, మింగడం వేరు. వికారం వల్లనో, బిడ్డ నల్లగా పుడుతుందన్న భయంతోనో డబ్బాలోనే ఉంచేసేవారున్నారు. మిగిలినవి తెచ్చి చూపమనండి. కాల్షియం భోజనంతో, ఐరన్ రాత్రి పడుకునేముందు వేసుకోమని చెప్పండి. రెండూ కలిస్తే ఐరన్ సరిగా ఒంటబట్టదు.

ఆమె మళ్లీ వలస వెళ్లవచ్చు, పుట్టింటికీ వెళ్లవచ్చు. అక్కడి వైద్యుడికి దొరికేది తల్లీబిడ్డల కార్డు ఒక్కటే కనుక కాన్పు తేదీ, బీపీ, హిమోగ్లోబిన్ అందులో స్పష్టంగా రాయండి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనిపిస్తే వచ్చే 9వ తేదీ దాకా ఆగవద్దని ఆమెకే కాదు, వెంట వచ్చిన అత్తగారికీ చెప్పండి.