పిల్లల వార్డులో బొమ్మను ఆడించబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వూ నీ మిత్రులూ కలిసి ఆసుపత్రిలోని పిల్లల వార్డుకు బొమ్మలాటను, పాటను తీసుకువెళ్లబోతున్నారని నీ ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించాను. చాలా ఏళ్లు ఆ పనే చేసినదాన్ని కనుక, నాకు తెలిసినది దాచకుండా రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడికి ఏదీ తన ఇష్టప్రకారం జరగదు. ఎప్పుడు లేవాలో, ఏమి మింగాలో, ఏ చేతికి సూది గుచ్చాలో అన్నీ పెద్దలే నిర్ణయిస్తారు. ‘వద్దు’ అన్నా వినేవారు ఉండరు. ఆడుకునే హక్కు ప్రతి బిడ్డకూ ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో చెప్పింది. ఆటను కాదనే హక్కు కూడా అందులోనే ఉన్నదని నేను నమ్ముతాను. అందుచేత గుమ్మం దగ్గరే ఆగి, బొమ్మ తలను మాత్రం లోపలికి పెట్టి, ‘రావచ్చా?’ అని దాని చేతనే అడిగించు. వద్దంటే బొమ్మ తలవంచి వెళ్లిపోవాలి. బతిమాలకూడదు, అలిగినట్టు నటించకూడదు. మొదటి రోజు పొమ్మన్న పిల్లలే మరునాడు గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

లోపలికి వెళ్లాక నీ బొమ్మకు పిల్లవాడి కన్నా తక్కువ తెలిసి ఉండాలి. స్టెతస్కోపును చూసి అది భయపడాలి, మంచం ఎక్కడం రాక జారిపోవాలి, సెలైన్ సీసా ఎందుకు వేలాడుతోందో అడగాలి. అప్పుడు అంతవరకూ రోగిగా పడుకున్నవాడు గురువై నేర్పడం మొదలుపెడతాడు. చేతులు కదపలేని బిడ్డ అయితే ఒకసారి రెప్ప వేస్తే పాడాలని, రెండుసార్లు వేస్తే ఆపాలని ముందే ఒప్పందం చేసుకో. నువ్వు తెర వెనుక దాక్కోనక్కరలేదు. నీ చూపు బొమ్మ మీద నిలిస్తే పిల్లవాడి చూపూ అక్కడే నిలుస్తుంది. మరీ పసిపిల్లలకు మాత్రం పెద్ద కళ్లు, పళ్లు ఉన్న బొమ్మను దగ్గరకు తేవద్దు.

శుభ్రత విషయంలో నర్సు చెప్పినదే శాసనం. బొచ్చు బొమ్మను ఒక మంచం నుంచి మరో మంచానికి తీసుకువెళ్లకూడదు. తుడవడానికి వీలైనది వాడు, లేదా గుడ్డతో చిన్న బొమ్మ కుట్టి ఆ బిడ్డకే ఇచ్చిరా. ప్రతి మంచానికీ ముందూ వెనుకా శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్ల పాటు చేతులు రుద్దుకో. రబ్బరు బుడగలు వద్దు, వాటిలోని లేటెక్స్ అనే రబ్బరు పదార్థం కొందరు పిల్లలకు పడదు. నీకు కొంచెం జలుబు చేసినా ఆ రోజు మానెయ్యి. విడి గదిలో ఉంచిన బిడ్డకు కిటికీ అద్దం అవతలి నుంచే ఆట చూపించవచ్చు, అద్దం మీద ఇరువైపులా వేళ్లు ఆనించి ఆడే ఆటలు చాలానే ఉన్నాయి.

సంగీతం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వార్డు గదిలో నేపథ్య శబ్దం 30 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. అంటే గుసగుసతో సమానం. నీ పాట ఎలాగూ అంతకు మించుతుంది కనుక ఒక్క తీగవాద్యం, ఒక్క గొంతు చాలు, మైకు అసలే వద్దు. మంచం పక్కన గుండె, శ్వాసలను గమనించే మానిటర్ యంత్రం చేసే కూతను శ్రుతిగా తీసుకుని అందులోనే పాడితే, రాత్రంతా బెదిరించిన ఆ శబ్దం పిల్లవాడి చెవికి పాటలో భాగమైపోతుంది. అయితే అలారం మోగితే అది వినపడేలా వెంటనే ఆపు. ముందు పిల్లవాడి శ్వాస వేగాన్ని గమనించి ఆ లయలోనే మొదలుపెట్టి, తరువాత మెల్లగా విలంబానికి, అంటే నిదానమైన లయకు దించు. మధ్యలో తల్లి గొంతు కలిపితే నువ్వు తప్పుకుని వాద్యం మాత్రమే పలికించు.

సూది వేసే సమయంలో నిన్ను పిలిస్తే, సూదికి చాలా ముందే ఆట మొదలుపెట్టి, అది అయిపోయాక కూడా కొంతసేపు కొనసాగించు. లేకపోతే బొమ్మ కనబడితే సూది వస్తుందని బిడ్డ నేర్చుకుంటాడు. నొప్పి ఉండదని మాత్రం ఎప్పుడూ చెప్పవద్దు.

నా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెబుతాను. ఒక ఉదయం రాజుగారి విందు కథను ఎంతో ఉత్సాహంగా ఆడించాను. ఆ పాప శస్త్రచికిత్స కోసం రాత్రి నుంచి ఏమీ తినలేదని, కథ సగంలో ఆమె ముఖం గోడ వైపు తిప్పుకున్నాకే తెలిసింది. అప్పటి నుంచి నర్సును కలవకుండా ఏ మంచం దగ్గరకూ వెళ్లలేదు. ఎవరు పస్తున్నారు, ఎవరికి మూర్ఛ ఉన్నందువల్ల మెరిసే దీపాలు పనికిరావు, ఎవరికి నవ్వితే కుట్లు నొప్పి పుడతాయి అని నువ్వూ అడిగి రాసుకో.

ఫోటోలు తీయవద్దు. బొమ్మ చెవిలో పిల్లవాడు చెప్పుకున్న భయాన్ని, నర్సుకు చెప్పనా అని అతన్నే అడిగి చెప్పు. ప్రాణానికి ప్రమాదమైనది అయితే మాత్రం ఆగవద్దు. రేపు వస్తానని మాట ఇవ్వకు. తొలి రోజు నలుగురైదుగురు పిల్లలకు మించి ఒప్పుకోకు, ఆ తరువాత మిత్రులంతా ఒకచోట కూర్చుని మనసులో ఉన్నది మాట్లాడుకున్నాకే ఇళ్లకు వెళ్లండి. ఎలా జరిగిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ